ఇంటి కాగితాల మీద చదువు

సెలవు మీద విశాఖ వచ్చాను. మొన్న గాజువాకలో బంధువుల పెళ్లి. పప్పు వడ్డిస్తున్న మా పెదనాన్న నా విస్తరి దగ్గర ఆగాడు. "మీ తాత భూమి పోతే మీ నాన్నకి ప్లాంటులో ఉద్యోగమొచ్చింది. మీ నాన్న ఇల్లు తాకట్టు పెడితే నీకేటొచ్చిందమ్మా?" అనేసి పక్క విస్తరికి వెళ్లిపోయాడు.

ఇంకెవరైనా అయితే కోపమొచ్చేది. ఆయనకు ఆ మాట అనే హక్కుంది. స్టీల్ ప్లాంటు కోసం భూములు తీసుకున్నప్పుడు మా ఇంటికి ఒకటే ఆర్ కార్డు (భూమి పోయిన నిర్వాసితులకిచ్చే కార్డు), దాని మీద ఒకటే ఉద్యోగం. అది నాన్నకు వచ్చింది. పెదనాన్న ఆటో నడుపుకున్నాడు. ఆ ఉద్యోగంతో నాన్న కూర్మన్నపాలెంలో కట్టిన ఇంటి దస్తావేజులు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాయి, నేను ఇంగ్లండులో ఎమ్మే సోషల్ వర్క్ చదివినందుకు.

ఏమొచ్చిందంటే, అక్కడే ఒక కౌన్సిల్లో, అంటే మన మున్సిపాలిటీ లాంటి చోట, ఉద్యోగం వచ్చింది. అక్కడ 2014 కేర్ చట్టం ప్రకారం, వయసు మళ్లినవాళ్లకు ఇంట్లో ఏ సాయం కావాలో వెళ్లి చూసి రాయడం నా పని. స్ట్రోక్ వచ్చి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన ఒక పెద్దాయన నా ముందే కెటిల్ సగం నింపి, రెండు చేతులతో ఎత్తి, టీ పెట్టి నాకే ఇచ్చాడు. రోజుకు రెండుసార్లు మనిషి రావాలని రాశాను. నానమ్మ మంచాన పడినప్పుడు ఇదంతా మా పెద్దమ్మ చేసింది. పెదనాన్నతో ఈ సంగతి చెబితే, మీ పెద్దమ్మ ఊరికే చేసిన పనికి ముప్పై లక్షలెందుకే అంటాడు. అందుకే చెప్పలేదు.

నా అప్పు ముప్పై లక్షలు, పదేళ్లు, పదకొండు శాతం వడ్డీ. నెలకు 41 వేలు, అంటే మూడు వందల యాభై పౌండ్లు. నా జీతం ఏడాదికి 36 వేల పౌండ్లు. పన్నులూ పెన్షనూ పోగా చేతికొచ్చే దాంట్లో అద్దె, ఈఎంఐ తీసేస్తే మిగిలేది లెక్క పెట్టుకుంటూ ఖర్చు చేయాలి. వడ్డీ మీద ఎనిమిదేళ్లు ఆదాయపు పన్ను మినహాయింపు ఉందన్నారు. ఇండియాలో ఆదాయమే లేనిదాన్ని, ఏం చేసుకోను?

పక్క సీటు అమ్మాయి అక్కడే పుట్టింది, నాతో సమానంగా జీతం. బీఏ సోషియాలజీ, ఆపైన సోషల్ వర్క్. ఏడాదికి 9,250 పౌండ్ల ఫీజు రోజుల్లో చదివింది. ప్రభుత్వం దగ్గర తీసుకున్న చదువు అప్పు యాభై వేల పౌండ్లు దాటింది, రూపాయల్లో నా అప్పుకు దాదాపు రెట్టింపు. ఆమెకు టెన్షనే లేదు. జీతం ఒక గీత దాటితేనే అప్పు కట్టాలి. 2025-26లో ఆమె లాంటివాళ్లకు ఆ గీత ఏడాదికి 28,470 పౌండ్లు, దానికి పైన వచ్చే జీతంలో తొమ్మిది శాతమే కోత. ఆ ఏడాది ఆమెకది నెలకు 56 పౌండ్లు. ముప్పై ఏళ్లకు ఎంత మిగిలినా కొట్టేస్తారు. వడ్డీతో అప్పు పెరుగుతూ ఉంటుంది, ఆమె ఆ స్టేట్‌మెంట్ తెరిచి కూడా చూడదు.

నాకు కుళ్లు పుట్టింది, ఒప్పుకోవాలి. సోషియాలజీ చదివితే అందరికీ పెద్ద జీతాలు రావని అక్కడి ప్రభుత్వానికి ముందే తెలుసు. ఆ నష్టంలో కొంత తనే మోస్తుంది. మా ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున వచ్చినాయన టేపుతో గోడలు కొలిచాడు, స్లాబు వేసి ఎన్నేళ్లయిందని అడిగాడు. నా మార్కుల మెమో ఆయన ఫైల్లోనే ఉంది. తీసి చూడలేదు. అంతకుముందు ద్వారకానగర్ కన్సల్టెన్సీలో కుర్రాడైతే, "సోషల్ వర్క్ అంటే లోన్ కష్టం మేడమ్, డేటా సైన్స్ పెట్టేద్దామా?" అన్నాడు.

అలాగని వాళ్ల పద్ధతిని నెత్తిన పెట్టుకోను. 2023 ఆగస్టు నుంచి డిగ్రీలో చేరిన పిల్లలకు గీతను 25 వేలకు దించారు, గడువును నలభై ఏళ్లకు పెంచారు. పద్దెనిమిదేళ్లకు చేరిన పిల్లకు అరవై దాటేదాకా జీతంలో కోతే. మాది పదేళ్లలో తేలిపోతుంది, ఇల్లు ఇంటికొస్తుంది. మా టీములో ఒక కేరళ ఆవిడ కేరళలోనే చదివిన ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), అనుభవం చూపించి ఇంగ్లండులో సోషల్ వర్కర్‌గా రిజిస్ట్రేషన్ తెచ్చుకుని వచ్చింది, అప్పు లేకుండా. మన ఆంధ్ర యూనివర్సిటీలోనూ ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంది కదా అని మీరంటారు. ఉంది. కానీ ఆ అనుభవం సంపాదించేదాకా విశాఖ ఎన్జీవోలు ఏమిస్తాయో కాస్త కనుక్కోండి.

నన్ను తొలిచేది వేరే. రేపు ఉద్యోగం పోతే ఆ అమ్మాయికి కోత ఆ నెల నుంచే ఆగుతుంది. నాకు ఈఎంఐ ఆగదు. ఆగేది వీసా, కొత్త ఉద్యోగం చూసుకోవడానికి మామూలుగా 60 రోజులిస్తారు. నాన్నకొచ్చే ఈపీఎఫ్ పింఛను నా ఈఎంఐలో ఐదో వంతు కూడా ఉండదు. అందుకే మూడు నెలల ఈఎంఐ ఎప్పుడూ విశాఖ ఖాతాలో ముందే వేసి ఉంచుతాను. అంతే డబ్బు పెట్టి పక్క సీటు అమ్మాయి ఈ ఎండాకాలం పోర్చుగల్ వెళ్లొచ్చింది.