ఒక్క ట్యాంకు పెట్రోలుతో హయత్‌నగర్ నుంచి ద్రాక్షారామం దాకా, మళ్లీ వెనక్కి

పెట్రోలు ఇంజన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకు 27.97 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ లెక్క. ట్యాంకు 45 లీటర్లు. గుణిస్తే 1,258 కిలోమీటర్లు. ఈ కారు కొన్న దగ్గర్నుంచి ఇంటికొచ్చిన చుట్టాలంతా అడిగే ప్రశ్న ఒకటే: "నిజంగా అంత వస్తుందా?" డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె చెప్పేవాణ్ణి గానీ, ట్యాంకు మొత్తం పద్ధతిగా కొలిచింది లేదు. కార్తీకమాసంలో, రాజమండ్రిలో ఉండే అమ్మని ద్రాక్షారామం తీసుకెళ్లాల్సి రావడంతో వీలు కుదిరింది. హయత్‌నగర్ నుంచి రాజమండ్రికి సుమారు 430 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ద్రాక్షారామం వెళ్లి రావడానికి ఓ వంద, మళ్లీ వెనక్కి 430. మధ్యలో ఎక్కడా పెట్రోలు పోయించకుండా, బయల్దేరిన బంకుకే తిరిగి రావాలనుకున్నాను.

కంపెనీ అంకె అబద్ధమని తేల్చడానికి బయల్దేరలేదు. ఆ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి, ఒక నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ చేస్తారు. అందులో గరిష్ఠ వేగం 90, అదీ కాసేపే. అన్ని కార్లనీ ఒకే కొలతతో చూడటానికి అది పనికొస్తుంది. నాకు కావాల్సింది మా ఇంటి మనుషులతో, మా సామాన్లతో, మేం తిరిగే రోడ్ల మీద ఎంత వస్తుందన్నది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఆ మేరకు మైలేజీ తగ్గక తప్పదు.

ఇలాంటి కొలతలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం బంకు దగ్గరే జరుగుతుంది. తెల్లవారుజామున వెళ్లి ఫుల్ ట్యాంక్ అన్నాను. నాజిల్ టక్కుమని ఆగింది. కుర్రాడు అలవాటుగా, "అన్నా, రౌండ్ ఫిగర్ చేయనా?" అన్నాడు. అక్కడే లెక్కంతా చెడిపోతుంది. రౌండ్ ఫిగర్ కోసం మళ్లీ మళ్లీ నొక్కితే పెట్రోలు పైపు మెడ దాకా ఎక్కుతుంది. ఎంత ఎక్కిందో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చాక అదే మట్టానికి నింపడం కుదరదు. అంత పైదాకా నింపడం బండికీ మంచిది కాదు. "వద్దు తమ్ముడూ, ఆటో కట్ పడగానే వదిలెయ్" అన్నాను. ఆ పంపు నంబరు, ఏ వైపు నాజిలో ఫోన్లో రాసుకున్నాను. ట్రిప్ మీటర్ సున్నా చేశాను. టైర్లలో గాలి అంతకుముందు రాత్రే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతే పట్టించాను. మైలేజీ కోసం ఎక్కువ గాలి కొట్టించే వాళ్లున్నారు. దానివల్ల నాలుగు కిలోమీటర్లు కలిసొస్తాయేమో గానీ, వాన రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు టైరుకు పట్టు ఉండదు. మైలేజీ కోసం లారీల వెనకాల అంటుకుని పోవడం కూడా అంతే. ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టుకుని చేసే పని కాదది.

పంతంగి టోల్ దాటాక, వేగాన్ని ఒకే దగ్గర నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ 82 దగ్గర పెట్టాను. ఏసీ 25 మీద. నార్కెట్‌పల్లి వచ్చేసరికి మా ఆవిడ, "ఏమండీ, బస్సులన్నీ మనల్ని దాటి పోతున్నాయి" అంది. పోనీ అన్నాను. సూర్యాపేట నుంచి కోదాడ దాకా మాత్రం కావాలనే 100 మీద నడిపి చూశాను, తేడా కళ్లారా చూడాలని. 82లో 25 చుట్టూ తిరుగుతున్న మైలేజీ అంకె 100కి వెళ్లేసరికి 19కి దిగి అక్కడే నిలబడింది. గాలి ఎదురొత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది మరి. 80 నుంచి 100కి వెళితే వేగం పెరిగేది పాతిక శాతమే, గాలి వెనక్కి నెట్టే బలం మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే అవుతుంది. హైబ్రిడ్ అయినా దాని నుంచి తప్పించుకోలేదు. కోదాడ తర్వాత మళ్లీ 82కి వచ్చేశాను.

చాలామంది హైబ్రిడ్ అంటే పెద్ద బ్యాటరీ ఉంటుందనీ, హైవే మీద సగం దూరం కరెంటుతోనే పోతుందనీ అనుకుంటారు. ఇందులో ఉన్న బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లు, అంటే ఇంటి మీటరు మీద ఒక్క యూనిట్ కూడా తిరగదు. దాన్ని ప్లగ్గు పెట్టి చార్జ్ చేసేదేం లేదు. ఆ శక్తంతా చివరికి పెట్రోలు నుంచి వచ్చిందే. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోవాల్సిన దాన్ని పట్టి దాచుకోవడం, ఇంజన్‌కి గిట్టుబాటు కాని చోట దాన్ని ఆపేసి మోటారు మీద నడవడం, ఇదే దాని పని. అందుకే ఆగుతూ కదులుతూ పోయే చోట దీని అసలు బలం తెలుస్తుంది. ఒకే వేగంతో పోయే హైవే మీద దాచుకోవడానికి బ్రేకులే పెద్దగా పడవు.

ఆ బలం ద్రాక్షారామం రోడ్డు మీద చూశాను. రాజమండ్రి నుంచి కడియం, మండపేట, రామచంద్రపురం మీదుగా వెళ్లాం. వరి కోతలు మొదలయ్యాయి. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు. గడ్డి లోడుతో ఒక ట్రాక్టరు మా ముందు తూగుతూ పోతోంది, దాటడానికి చోటు లేదు. ఇంజన్ ఆగిపోయింది. ఆకుపచ్చ ఈవీ లైటు వెలిగింది. టైర్ల కింద గింజల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. వెనక సీట్లోంచి అమ్మ, "ఏరా, బండి ఆగిపోయిందా?" అంది. "లేదమ్మా, బ్యాటరీ మీద నడుస్తోంది" అన్నాను. "మరి పెట్రోలు?" "ఇప్పుడు కాలట్లేదు." భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని రాజమండ్రి తిరిగొచ్చేసరికి, ఆ వంద కిలోమీటర్ల ముక్కకి సగటు 29 చూపించింది. కంపెనీ లెక్కని దాటేసింది. 40, 50 మధ్య నిదానంగా పోయే రోడ్డు దొరికితే ఈ బండి అంత పని చేస్తుంది.

తిరుగు ప్రయాణంలో అమ్మ కూడా మాతో వచ్చింది. డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు. ఏలూరు, విజయవాడ, కోదాడ, అన్నీ 82 మీదే. చిట్యాల దాటాక పెట్రోలు హెచ్చరిక లైటు వెలిగింది. నిజం చెప్పాలంటే టెన్షన్ పడ్డాను. ఇంకా ఎంత దూరం పోతుందో చూపించే అంకె అప్పటికి 70 ఉంది. బంకుకి సుమారు 55. అంకె 30కి పడేలోగా హయత్‌నగర్ కనుచూపు మేరలో లేకపోతే దారిలోనే పోయించేద్దామని ముందే నిర్ణయించుకున్నాను. ఎందుకంటే ఇలాంటి బండిని ఎండిపోయేదాకా నడపకూడదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పెట్రోలు అయిపోయాక బండి బ్యాటరీ మీద కొంత దూరం లాగుతుంది, డ్రైవర్ కూడా లాగించేద్దామనుకుంటాడు. అలా బ్యాటరీ అడుగంటితే దాన్ని ఇంట్లో చార్జ్ చేసుకునే దారి లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు దాటేసరికి ఇంకా 25 చూపిస్తోంది, బంకు దగ్గరే ఉంది. అదే పంపు, అదే వైపు, ఆటో కట్ దాకా. ట్రిప్ మీటర్ 962. పట్టిన పెట్రోలు 40.6 లీటర్లు. అంటే లీటరుకు 23.7. డ్యాష్‌బోర్డు మాత్రం 24.9 చూపిస్తోంది. బ్యాటరీ గీతలు బయల్దేరినప్పుడు ఎన్ని ఉన్నాయో దాదాపు అన్నే ఉన్నాయి. అటూ ఇటూ అయినా పావు లీటరుకి మించి తేడా రాదు.

ట్యాంకులో ఇంకా నాలుగు లీటర్లకు పైగా మిగిలే ఉంది, అంటే కాగితం మీద ఇంకో వంద కిలోమీటర్లు. మొత్తం గుణిస్తే 1,066. అయినా చుట్టాలు అడిగితే నేను చెప్పేది 950. హెచ్చరిక లైటు వెలిగాక కూడా భయం లేకుండా బంకుకి చేరేంత దూరం అది. 82 మీద నడిపితేనే సుమా, 100 మీద పోతే 750 అనుకోమంటాను. ఎండాకాలంలో పిల్లలతో, ఏసీ గట్టిగా పెట్టుకుని ఇదే దారిలో వెళ్లాల్సి ఉంది. ఆ పంపు నంబరు ఫోన్లో అలాగే ఉంచుకున్నాను.