సాకెట్లన్నీ పనిచేస్తున్నాయి, రింగు మాత్రం తెగి ఉంది

ఇంగ్లండులో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను. టెస్టింగ్ అనగానే ఇంటివాళ్ల నోట ముందుగా వచ్చే మాట, "అన్ని సాకెట్లూ బాగానే ఉన్నాయి కదా, ఇంకా ఏం చూస్తారు?" పోయిన వారం ఒక పాత ఇంట్లోనూ అదే అన్నారు. నిజమే, కెటిల్ మరుగుతోంది, వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. మెయిన్ ఆపి, తాళం వేసి, కరెంటు లేదని టెస్టరుతో ఖాయం చేసుకుని, బోర్డు విప్పి మీటరు పెడితే న్యూట్రల్ రింగు తెగి ఉంది. ఎన్నేళ్లుగా అలా ఉందో ఎవరికీ తెలీదు.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సాకెట్ల వైరు బోర్డులో బయల్దేరి, ఒక్కో సాకెట్‌నీ తాకుతూ ఇల్లంతా చుట్టి, తిరిగి అదే బ్రేకరుకు వచ్చి చేరుతుంది. దీన్నే రింగు అంటారు, లైన్ (ఫేజ్), న్యూట్రల్, ఎర్త్ తీగలు మూడూ ఇలా చుట్టి వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాగికి కటకటగా ఉన్నప్పుడు ఆలోచించిన ఏర్పాటు ఇది, ప్లగ్గులోనే ఫ్యూజు ఉండే బీఎస్ 1363 ప్రమాణం 1947లో వచ్చింది. ప్రతి సాకెట్‌కీ కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్ల బ్రేకరు పెట్టనిస్తారు. ఒకచోట తెగిందనుకోండి, సాకెట్లు ఏవీ ఆగవు, రెండో వైపు నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. కానీ మోయాల్సిన భారమంతా ఒకే వైపు పడుతుంది. ఇన్సులేషన్ నింపిన గోడలో ఆ వైరు మోయగలిగేది 20 ఆంపియర్లే. కెటిల్, డ్రయ్యరు కలిసి 25 లాగినా బ్రేకరు పడదు, వైరు మాత్రం గోడలో వేడెక్కుతూనే ఉంటుంది. నాకు టెన్షన్ అంతా ఇక్కడే, పైకి ఏ గుర్తూ కనపడదు.

దీన్ని పట్టించేది రెసిస్టెన్స్ ఒక్కటే. మామూలు మల్టీమీటరుతో ఈ పని పెట్టుకోకండి, కనీసం 200 మిల్లీఆంపియర్లు పంపే లో-ఓమ్ మీటరు కావాలి. మీటరు లీడ్లకే (కొలిచే తీగలకే) ఎంతో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, ముందే దాన్ని సున్నా చేసుకోవాలి, ఎందుకంటే మనం వెతికే తేడా 0.05 ఓమ్ అంత చిన్నది. బోర్డులో రింగు రెండు కొసలూ విప్పి, లైన్‌కు లైన్, న్యూట్రల్‌కు న్యూట్రల్, ఎర్త్‌కు ఎర్త్ కొలవాలి. నాకు లైన్ 0.52 వచ్చింది, అంటే సుమారు 70 మీటర్ల వైరు. ఎర్త్ 0.86. ఎర్త్ తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లే కాబట్టి లైన్‌కు 1.67 రెట్లు ఉండాలి, సరిగ్గా సరిపోయింది. న్యూట్రల్ దగ్గర మీటరు ఏమీ చూపించలేదు.

తెగింది ఎక్కడో తెలుసుకోడానికి, ఒక కొసలోని లైన్, న్యూట్రల్ రెండూ కలిపేసి, రెండో కొసను విడిగా ఉంచి, సాకెట్ సాకెట్‌కీ వెళ్లి ఆ రెండింటి మధ్య కొలిచాను. దూరం పోయేకొద్దీ అంకె పెరుగుతూ వచ్చి, వెనక పడకగది తర్వాతి సాకెట్‌లో మీటరు ఒక్కసారిగా ఏమీ చూపించలేదు, అంటే తెగింది పడకగది దగ్గరే. ఆ గదిలో బీరువా జరిపి సాకెట్ విప్పాను. రెండు నల్ల (న్యూట్రల్) తీగల్లో ఒకదానికి స్క్రూ రాగి మీద కాకుండా పైనున్న ప్లాస్టిక్ మీద బిగించి ఉంది. చూస్తే గట్టిగానే ఉన్నట్టుంది, తీగ పట్టుకుని కదిపితే చేతికి వచ్చేసింది. ఇలాంటిది చూసినప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది, బిగించిన మనిషి ఒక్కసారి లాగి చూసి ఉంటే అయిపోయేది.

తీగ కొస మళ్లీ ఒలిచి, రెండూ కలిపి బిగించి, విడివిడిగా లాగి చూశాను. న్యూట్రల్ 0.53 వచ్చింది. కానీ అక్కడితో ఆపకూడదు. ఒక కొస లైన్‌ను అవతలి కొస న్యూట్రల్‌తో, అవతలి కొస లైన్‌ను ఇవతలి న్యూట్రల్‌తో అడ్డంగా కలిపి ప్రతి సాకెట్‌లో కొలవాలి, అన్నిచోట్లా దాదాపు ఒకే అంకె రావాలి, అది ముందు కొలిచిన లైన్, న్యూట్రల్ అంకెల మొత్తంలో నాలుగో వంతు. నాకు 0.26. పొరపాటున ఒకే కేబుల్‌లోని రెండు తీగల్నే కలిపితే బోర్డు పక్కన చాలా తక్కువ వచ్చి, రింగు మధ్యకు పోయేకొద్దీ పెరుగుతుంది, అలా కనపడితే రింగును అనుమానించకముందు కలిపిన తీగలు మార్చి చూడండి. తర్వాత న్యూట్రల్ బదులు ఎర్త్‌తో అదే పని. దాదాపు అన్నీ 0.35 దగ్గరే వచ్చాయి. వంటింట్లో ఒక్కటే 0.41, తెరిచి చూస్తే రింగులోంచి విడిగా లాగిన స్పర్. అది తప్పేమీ కాదు. ఎర్త్ వరసలో అన్నిటికన్నా పెద్ద అంకె అదే కాబట్టి టెస్టు కాగితంలో 0.41 రాసి, బోర్డు మూసి, కరెంటు ఇచ్చాను.