రష్ వినే పిల్ల ఉన్న ఇల్లు

టొరంటోకి వచ్చే ప్రతి తెలుగు కుటుంబం సూట్‌కేసుల మీదా ‘వైవైజెడ్’ అన్న ట్యాగు ఉంటుంది. పియర్సన్ విమానాశ్రయం కోడ్ అది. ఆ కోడ్ పేరుతోనే ఒక పాట ఉంది. పాట అంటున్నాను గానీ అందులో మాటలుండవు, నాలుగు నిమిషాల పైచిలుకు వాద్యసంగీతం. మొదట్లో వినిపించే దరువు ఆ మూడక్షరాల మోర్స్ కోడే, అంటే చుక్కలు, గీతల టెలిగ్రాఫ్ సంకేతం. 1981లో వచ్చిన ‘మూవింగ్ పిక్చర్స్’ ఆల్బంలో రష్ అనే బ్యాండ్ దీన్ని వాయించింది. ముగ్గురే మనుషులు, టొరంటో బ్యాండే.

మా పెద్దమ్మాయి హైస్కూల్లో చేరినప్పటి నుంచీ ఇంట్లో, కార్లో ప్రోగ్రెసివ్ రాక్ మోగుతోంది. తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో మొదలైన బాణీ ఇది. మూడు నిమిషాల సినిమా పాటలాంటి లెక్క దీనికి లేదు. ఇరవై నిమిషాల పాటలుంటాయి, మధ్యలో తాళం మారిపోతుంది, ఆల్బం మొత్తం ఒకే కూర్చోడంలో వినాలి. 1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బం, 1971, 72ల్లో యెస్ బ్యాండ్ వరసగా ఇచ్చిన మూడు ఆల్బంలు, 1971 నుంచి 74 దాకా జెనెసిస్, 1973 నుంచి పింక్ ఫ్లాయిడ్. ఈ పేర్లన్నీ ఇప్పుడు నాకు మా మేనత్తల పేర్లంత బాగా వచ్చు.

మా అమ్మాయి ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. ఏ బ్యాండ్‌కైనా ఒక్క గొప్ప ఆల్బం రావడం విశేషం కాదట, మధ్యలో చప్పటిది లేకుండా ఎన్ని వరసగా వచ్చాయన్నదే చూడాలట. విమర్శకులు ఎన్ని నక్షత్రాలిచ్చారు, యాభై ఏళ్ల తర్వాత వినేవాళ్లు ఎంత ఇస్తున్నారు, తను ఎంత ఇస్తుంది అని మూడు గడులు గీసింది. ఆ లెక్కలో రష్‌ని పైన పెట్టింది: 1976లో ‘2112’, 77లో ‘ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్’, 78లో ‘హెమిస్ఫియర్స్’, 80లో ‘పర్మనెంట్ వేవ్స్’, 81లో ‘మూవింగ్ పిక్చర్స్’. వరసగా అయిదు. ఇందులో తీసేయాల్సింది ఒక్కటి చూపించు అంటుంది. నేనూ చూపించలేను.

మార్కులు, ర్యాంకుల మధ్య పెరిగిన మనుషులం కాబట్టి ఈ లెక్కలు మనకి సులువుగానే ఎక్కుతాయి. కానీ ఆ వరసకి ముందున్న గడి చూస్తేనే నాకు అసలు సంగతి కనపడింది. 1975లో వచ్చిన ‘కరెస్ ఆఫ్ స్టీల్’ అమ్ముడుపోలేదు. హాళ్లు చిన్నవైపోయాయి, ఆ పర్యటనని వాళ్లే ‘మునిగిపోయే యాత్ర’ అన్న అర్థం వచ్చేలా పిలుచుకున్నారు. రికార్డు కంపెనీ చిన్న పాటలు చేయమంది, రేడియోలో వేసుకునేలా. ఈ ముగ్గురూ ఎలాగూ పోతున్నాం, మనకి నచ్చినట్టు చేసి పోదాం అనుకుని తర్వాతి ఆల్బం మొదటి వైపు మొత్తం ఇరవై నిమిషాల ఒకే పాటతో నింపారు. అదే ‘2112’. కంపెనీ ఆ తర్వాత వాళ్ల పనిలో వేలు పెట్టలేదు.

ఆ పాట కథ తల్లిదండ్రులు తప్పకుండా వినాలి. ఎప్పుడో రాబోయే కాలంలో పూజారులు ప్రపంచాన్ని ఏలుతుంటారు. ఏం చదవాలో, ఏం వినాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఒక కుర్రాడికి జలపాతం వెనక గుహలో పాత గిటారొకటి దొరుకుతుంది. అదేమిటో కూడా వాడికి తెలియదు. తీగలు బిగిస్తాడు, వదులు చేస్తాడు, తనకి తానే శ్రుతి పట్టుకుంటాడు. పాటలో ఆ చోట బ్యాండ్ గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్ నిజంగానే ఏమీ రానివాడు తడుముకుంటున్నట్టు వాయిస్తాడు, మెల్లిగా ఆ తడుములాట రాగమవుతుంది. కుర్రాడు సంబరంగా దాన్ని పూజారుల దగ్గరికి తీసుకెళ్తాడు. మెచ్చుకుంటారనే అనుకుంటాడు. వాళ్లు దాన్ని పనికిమాలిన వస్తువని తోసిపారేసి విరగ్గొడతారు. ఆ ఆశ, ఆ కోపం రెండూ బ్యాండ్ గాయకుడు గెడ్డీ లీ ఒక్కడే పాడతాడు: కుర్రాడికి మెత్తటి గొంతు, పూజారులకి గోడలదిరే గొంతు. మన ఇళ్లలో పిల్లలు ఏదైనా కొత్తది తెచ్చి చూపించినప్పుడు ఆ గదిలో మనం ఏ గొంతుతో మాట్లాడుతున్నామో ఈ పాట విన్నాక నాకు పదేపదే గుర్తొస్తుంది. ఇంత సూటిగా తల్లిదండ్రుల గురించి చెప్పిన పాట నేను ఇంకోటి వినలేదు. చేసినవాళ్లు అలా అనుకుని చేశారని కాదు, నాకు అలా వినిపించింది.

వాళ్ల ఇళ్ల గురించి తెలిశాక అది ఇంకా బలపడింది. గెడ్డీ లీ అసలు పేరు గ్యారీ. పోలండ్ నుంచి వచ్చిన వాళ్లమ్మ యాసలో ఆ పేరు ‘గెడ్డీ’లా వినిపిస్తుంటే స్నేహితులు అలాగే పిలిచారు, చివరికి అదే పేరైంది. అమ్మా నాన్నా ఇద్దరూ నాజీల నిర్బంధ శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడి కెనడా చేరినవాళ్లు. గెడ్డీకి పన్నెండేళ్లప్పుడు తండ్రి పోయాడు. టొరంటో దగ్గర న్యూమార్కెట్‌లో ఉన్న చిల్లర సామాన్ల కొట్టుని తల్లే నడిపి పిల్లల్ని పెంచింది. పెద్దకొడుకు హైస్కూలు మధ్యలో మానేసి బేస్ గిటార్ పట్టుకుంటానంటే ఆ తల్లి ఎంత కుమిలిపోయి ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడే తర్వాత ఆ కొట్టు అద్దాలకి రష్ పోస్టర్లు అంటించింది, డబ్బుల్లేని పిల్లలకి ఆల్బంలు ఊరికే ఇచ్చేది. 2021లో పోయింది, తొంభై అయిదేళ్లకి. 1984 నాటి ‘రెడ్ సెక్టర్ ఎ’ పాటకి బీజం బెర్గెన్-బెల్సెన్ శిబిరంలోంచి ఆవిడ విముక్తి పొందిన రోజు జ్ఞాపకమే.

అలెక్స్ లైఫ్‌సన్ ఇంట్లో సెర్బియన్ మాట్లాడేవాళ్లు. తల్లిదండ్రులు యుగోస్లావియా నుంచి వలస వచ్చారు. అలెక్స్ టీనేజ్‌లో ఉన్నప్పుడు ఒక కెనడియన్ డాక్యుమెంటరీ వాళ్లు తీసిన దృశ్యం ఒకటి ఉంది. భోజనాల బల్ల దగ్గర అమ్మానాన్నలు, జుట్టు పెంచిన కొడుకు. చదువు పూర్తి చెయ్యరా అని వాళ్లు, సంగీతమే చేస్తానని వాడు. గొంతులు పెద్దగా లేవవు. ఎవరూ ఎవరినీ తిట్టరు. ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు, ఆ నిజాలు రెండూ ఒకచోట కలవడం లేదు, అంతే. ఆ తండ్రి ముఖం చూడాలి. భాష తీసేస్తే అది మిస్సిసాగాలోనో, మిల్టన్‌లోనో, బ్రాంప్టన్‌లోనో ఒక తెలుగింట్లో తీసిన దృశ్యమే అంటే నమ్ముతారు.

అందుకే, ‘పిల్ల మన పాటలు వదిలేసి వాళ్ల సంగీతంలో పడిపోయింది’ అని ఎవరైనా జాలిపడితే నేను ఒప్పుకోను. ఈ ‘వాళ్లు’ ఎవరు? వలస వచ్చిన ఇళ్ల పిల్లలు టొరంటోలోని విల్లోడేల్‌లో స్కూల్లో పక్కపక్కన కూర్చుని కట్టుకున్న బ్యాండ్ ఇది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, అమ్మ యాస విని నవ్వే తోటిపిల్లలు, ఏ ఉద్యోగానికీ పనికిరాని ఇష్టం. మా అమ్మాయి ఈ దేశంలో తనలాంటి వాళ్లని వెతుక్కుంటే వాళ్లు సంగీతంలో దొరికారు. నేను దీన్ని పోగొట్టుకోవడం అనుకోవడం లేదు.

అలాగని మన దేశం పేరుంటే చాలు గొప్పదనే వాదన కూడా నాకు నచ్చదు. యెస్ బ్యాండ్ గాయకుడు జాన్ ఆండర్సన్ పరమహంస యోగానంద ఆత్మకథలో ఒక పాదసూచిక చదివి, శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అనే నాలుగు విభాగాల మీద నాలుగు పాటలు తలపెట్టాడు. 1973లో రెండు రికార్డుల ఆల్బంగా వచ్చింది, పాటకి ఒక వైపు. మా బంధువులొకరు ఇది విని పొంగిపోయారు. విని చూస్తే సాగదీత ఎక్కువ. అప్పట్లోనే అభిమానులు రెండుగా చీలిపోయారు, కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్ విసిగిపోయి మరుసటి ఏడాది బయటికొచ్చేశాడు. మా అమ్మాయి నోట్‌బుక్‌లో దాని ముందటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’కి నిండా మార్కులున్నాయి, దీనికి లేవు. ఆ తీర్పు సరైనదే.

మనకి నిజమైన చుట్టరికం ఎక్కడుందంటే లెక్కలో ఉంది. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి మృదంగం నేర్చుకుంటోంది. గురువుగారు జాఫ్నా నుంచి వచ్చిన తమిళులు, క్లాసు స్కార్‌బరోలో. మా మిస్సిసాగా నుంచి 401 హైవే మీద శనివారం పొద్దున వెళ్తే దార్లో ఒక ఆల్బం దాదాపు అయిపోతుంది. అలా వెళ్తూ ఒకరోజు ముందు సీట్లో కూర్చుని తొడ మీద వాయిస్తూ ‘వైవైజెడ్’ దరువు విప్పి చూపించింది. మోర్స్‌లో గీతకి రెండు మాత్రలు, చుక్కకి ఒకటి అనుకుందాం. ‘వై’ అంటే గీత, చుక్క, గీత, గీత. రెండూ ఒకటీ మూడు, రెండూ రెండూ నాలుగు. ‘తకిట తకధిమి.’ అచ్చంగా మిశ్రచాపు, ఏడు మాత్రల తాళం! రెండో ‘వై’ కూడా అదే. ‘జెడ్’ రెండు గీతలు, రెండు చుక్కలు: ‘తకధిమి తక’, ఆరు. ఏడూ ఏడూ ఆరూ కలిపితే ఇరవై. ‘అమ్మా, అయిదు మాత్రల ఖండచాపు నాలుగు ఆవర్తాలు. సరిగ్గా ఎత్తుకున్న చోటికే వచ్చి పడుతుంది’ అంది. స్టీరింగ్ మీద వేళ్లతో నేనూ వేసి చూశాను. పడింది.

ఆ డ్రమ్స్ వాయించిన నీల్ పియర్ట్ మన చాపు తాళం తెలిసి చేసిన పని కాదిది. విమానంలో వినిపించిన సంకేతం లయగా అనిపించి పట్టుకున్నారు, అంతే. కానీ ఏడు లెక్క చేతికి అలవాటైన పిల్లకి ఆ తలుపు మిగతావాళ్ల కంటే ముందు తెరుచుకుంది. గురువుగారికి చెప్తే ఆయన మొత్తం రెండుసార్లు వేయించుకుని, దీనికి ఒక తీర్మానం, అంటే ముగింపు జతి, కట్టుకు రమ్మన్నారు. వారమంతా కట్టింది. ఆ వారం సాధన చెయ్యమని నేను అనాల్సిన అవసరం రాలేదు.

నీల్ పియర్ట్ గురించి నేను పిల్లలిద్దరికీ చెప్పేది ఇంకోటి ఉంది. 1990ల మధ్యలో, ప్రపంచంలోని పెద్ద డ్రమ్మర్లలో ఒకడిగా పేరొచ్చాక, ఆయన ఫ్రెడ్డీ గ్రూబర్ అనే పెద్దాయన దగ్గర శిష్యుడిగా చేరాడు. పుల్ల పట్టుకునే తీరు దగ్గర నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. ఈ మాట విన్నాక మా అమ్మాయి చెయ్యి వేసే తీరు సరిచేసుకోమంటే మొహం ముడుచుకోవడం మానేసింది. 1997లో ఆయన కూతురు కారు ప్రమాదంలో పోయింది, మరుసటి ఏడాదే భార్య. బ్యాండ్ ఏళ్లతరబడి ఆగిపోయింది. మిగతా ఇద్దరూ ఆయన్ని తొందరపెట్టలేదు, ఇంకొకర్ని తెచ్చుకోలేదు. 2002లో ఆయన తిరిగొచ్చాకే మళ్లీ ఆల్బం. 2020 జనవరిలో ఆయన కూడా వెళ్లిపోయాడు. కూతురు పోయిన సంగతి మా అమ్మాయి నాకు చెప్తున్నప్పుడు నేను కాసేపు వంట ఆపేసి కూర్చున్నాను.

సబర్బుల్లో పిల్లల్ని పెంచుతున్న వాళ్లు 1982 నాటి ‘సబ్‌డివిజన్స్’ పాట ఒకసారి వినండి. ఒకేలాంటి ఇళ్ల వరసలు, నలుగురిలో కలవకపోతే వెలివేసే స్కూలు, ఊహలున్న పిల్లకి చోటు లేకపోవడం. అది కూడా చాలాచోట్ల ఏడు లెక్కలోనే నడుస్తుంది. మేం ఎంతో ఆశపడి కొనుక్కున్న ఇల్లు అలాంటి వరసలోనిదే. మాకు అది గెలుపు, మా పిల్లకి అది బయటపడాల్సిన చోటు కావచ్చని ఆ పాట నాకు ముందే చెప్పింది. ఇద్దరం దాని గురించి మాట్లాడుకున్నాం. తను ఒంటరిగా లంచ్ తింటున్న రోజుల సంగతి ఆ సాయంత్రమే బయటికి వచ్చింది.

2025 అక్టోబరులో గెడ్డీ, అలెక్స్ మళ్లీ పర్యటనకి వస్తున్నామని ప్రకటించారు, 2026లో. డ్రమ్స్ మీద జర్మనీకి చెందిన అనికా నిలెస్. ఒక ఆడమనిషి ఆ సీట్లో కూర్చోబోతోందని తెలిసిన రోజు మా ఇంట్లో ఎంత గోలో! టొరంటో కూడా జాబితాలో ఉంది. టికెట్ ధరలు చూసి మా ఆయన టెన్షన్ పడ్డారు గానీ వద్దనలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే తల్లిదండ్రులకి నా సలహా ‘మూవింగ్ పిక్చర్స్’ మొదటి వైపు. నాలుగు పాటలు, ఇరవై నిమిషాలు కూడా పట్టదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్లు పక్కన పెట్టి వినండి. అట్ట మీద ఉన్న భవనం డౌన్‌టౌన్‌లో క్వీన్స్ పార్క్ శాసనసభ, దాని ముందు కూలీలు చిత్రపటాలు మోసుకెళ్తుంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఆ మెట్ల మీద ఫోటో దిగొచ్చు. తర్వాత ‘2112’. ‘హెమిస్ఫియర్స్’ మాత్రం ఆఖరికి ఉంచుకోండి. అందులో గెడ్డీ పాడిన స్థాయి బాగా పైన ఉంటుంది, అలవాటు లేని చెవికి మొదటిరోజే అది కష్టం.