మెదడుకు ధర రాయమన్నారు: తొలి ఏడాది వైద్య విద్యార్థులకు నాడీవ్యవస్థ చెప్పిన నా అనుభవం

మా మొదటి సంవత్సరం ఎంబీబీఎస్ పిల్లలకు నాడీవ్యవస్థ విభాగం నిన్ననే పూర్తయింది. పాఠం బాగా జరిగింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. విశాఖలో ఒక ప్రైవేటు వైద్యకళాశాలలో అనాటమీ చెబుతాను. కళాశాల పేరు ఇక్కడ అనవసరం.

నాడీవ్యవస్థ అంటే వైద్య విద్యార్థులకు బెదురు. ఇది మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. అమెరికా నాడీవైద్యుడు రాల్ఫ్ జోజెఫోవిచ్ 1994లోనే దీనికి న్యూరోఫోబియా అని పేరు పెట్టి రాశారు. మొదట్లో చదివిన శాస్త్రాన్ని రోగి దగ్గర వాడుకోలేకపోవడమే ఈ భయానికి మూలమన్నారు. నేనూ ఏటా అదే చూస్తున్నాను. వెన్నుపాము అడ్డుకోతను రంగు పెన్సిళ్లతో ఒక్క గీత తప్పకుండా గీసిన పిల్లవాడే, రెండేళ్ల తర్వాత పక్షవాతం వచ్చిన మనిషి ముందు నోరు మెదపలేడు. అందుకే ఈసారి వరుస మార్చాను. ముందు రోగి, తర్వాత మెదడు, చివరన బొమ్మ.

రోగి విషయం తేలికగా తేలిపోయింది. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక తొలి ఏడాదిలోనే పిల్లలకు రోగులను చూపించమంటోంది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. న్యూరాలజీ డాక్టరుగారు ఫోనులోనే సరే అన్నారు.

చిక్కంతా మెదడు దగ్గర వచ్చింది.

మెదడును సుమారు సెంటీమీటరు మందం పలకలుగా కోస్తే తప్ప లోపల ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు దారి కనిపించదు. కాళ్లూ చేతులను కదిలించే నాడీతంతువులన్నీ ఆ దారిలోనే దిగుతాయి. అక్కడ చిన్న రక్తనాళం మూసుకుపోయినా సగం శరీరం చచ్చుబడుతుంది. ఇది బొమ్మలో చెబితే పిల్లలకు ఎక్కదు. మ్యూజియంలో జాడీల్లో మెదళ్లు ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి ఇప్పించమని కళాశాల వస్తువుల లెక్క చూసే స్టోర్స్‌కు ఇండెంటు, అంటే కోరిక పత్రం, పెట్టాను.

అక్కడి అధికారి కాగితం చదివి, రిజిస్టరు తెరిచి, ఒక వరుస మీద వేలు పెట్టారు. "మేడమ్, ఇక్కడ మెదడు ఒకటి అని ఉంది. మీరు కోస్తే నేను ఏమని రాయాలి? ఆడిట్‌కు ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు. బోధన కోసమే కదా, పలకలు మళ్లీ జాడీలోనే పెడతాం అన్నాను. ఆయన వినలేదు. వస్తువు పాడైతే నా జీతంలోంచి మినహాయించుకోవచ్చని హామీపత్రం రాయమన్నారు. గుర్తింపు కార్డుల కోసం వరుసలో నిలబడిన నా విద్యార్థులందరూ వింటూనే ఉన్నారు. "కొత్త కొత్త ప్రయోగాలు మీకు సరదా, తర్వాత ఇబ్బంది పడేది మేము" అని వాళ్ల ముందే గట్టిగా అన్నారు. పన్నెండేళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని నేను. ముఖం వేడెక్కిపోయింది.

హామీపత్రంలో ఒక గడి ఉంది: 'వస్తువు విలువ, రూపాయల్లో'. అది నింపండి అన్నారు.

నా చేతిలో కలం ఆగిపోయింది. ఎవరో తాము పోయాక తమ దేహం పిల్లల చదువుకు పనికి రావాలని కోరుకున్నారు. ఇంట్లోవాళ్లు చితి పేర్చుకోకుండా, అస్థికలు కలుపుకోకుండా ఆ దేహాన్ని మాకు అప్పగించారు. దానికి నేను రూపాయల్లో అంకె వేయాలా? ఆ గడిలో 'దానం' అని రాసి ఇచ్చాను. చెల్లదన్నారు. "ఇంతకు మించి రాయను. దీనికి ధర కట్టే హక్కు మీకూ లేదు, నాకూ లేదు" అని చెప్పి వచ్చేశాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ గర్వపడుతున్నాను. కార్యాలయాల్లో గొంతు పెంచనక్కర్లేదు, కానీ రాయకూడనిది రాయకండి. రేపు అదే మీ మీదికి వస్తుంది.

దారి చూపించింది ఏ అధికారీ కాదు, దేహాలను కోసి చదువుకునే డిసెక్షన్ హాలులో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న అటెండరు. "అమ్మా, మ్యూజియం జాడీలో పెట్టి నంబరు వేస్తేనే అది రిజిస్టరుకు ఎక్కుతుంది. ఈ ఏటి దేహంలోంచి తీసినదానికి వాళ్లతో పనే లేదు" అన్నాడు. అంత చిన్న సంగతి ఆ అధికారికి తెలియదా? తెలిసే చెప్పలేదని నా నమ్మకం. విభాగాధిపతిగారు ఆ సాయంత్రమే సంతకం పెట్టారు.

పద్ధతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. గట్టిపడని మెదడు జున్నులా ఉంటుంది, కత్తి పెడితే చితికిపోతుంది. దేహభాగాలను చెడిపోకుండా గట్టిపరిచే ఫార్మలిన్ ద్రావణంలో, పది శాతం గాఢతతో, రెండు మూడు వారాలైనా ఉంచాలి. బకెట్టు అడుగున వదిలేస్తే ఒకవైపు నొక్కుకుపోతుంది. కింది భాగంలో ఉండే బేసిలార్ ధమని కింద నుంచి దారం దూర్చి, తలకిందులుగా వేలాడదీయాలి. కోసే ముందు నీళ్లలో బాగా నానబెట్టి ఫార్మలిన్ ఘాటు పోగొట్టాలి. పొడవాటి కత్తి కోసం మళ్లీ ఇండెంటు పెట్టే ఓపిక లేక పూర్ణా మార్కెట్‌లో నా డబ్బుతో కొన్నాను. ముందుకూ వెనక్కూ రంపంలా ఆడించకుండా ఒక్క లాగులో కోయాలి. రోగి దగ్గరి పరీక్షల గురించి మరొక మాట: ఒంటికి ప్రకంపన తెలుస్తోందో లేదో చూడటానికి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, అంటే కొడితే కంపించే లోహపు కవ, కావాలి. మాకు కొనిచ్చినవన్నీ చెవి పరీక్షకు వాడే 512వి. కొనేముందు పాఠం చెప్పేవాళ్లను ఒక్కసారి అడిగితే ఏం పోతుంది?

వార్డులో మాకు దొరికిన రోగి ఫిషింగ్ హార్బరులో చేపల వ్యాపారం చేసే పెద్దాయన. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఎడమవైపుకు లాగింది, మాట ముద్దగా వస్తోంది. పిల్లలు చూడటానికి ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. పాడేరు నుంచి వచ్చిన అమ్మాయి ముందుకెళ్లి, "తాతగారూ, కనుబొమలు ఒకసారి పైకెత్తండి" అంది. నుదురు రెండువైపులా ముడతలు పడింది. "ఇప్పుడు పళ్లు చూపించండి" అంటే కుడివైపు పెదవి కదలలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జవాబు చెప్పకుండా వాళ్లను తీసుకొచ్చేశాను.

మర్నాడు పలకలు ట్రేలో వరుసగా పరిచాను. అదే అమ్మాయి తొడుగు వేసుకున్న వేలితో ఎడమవైపు క్యాప్సూల్ మీద మెల్లగా రాసి, "తాతగారికి దెబ్బ తగిలింది ఇక్కడేనా మేడమ్?" అని అడిగింది. ఆ వెంటనే తనే, "నుదుటి కండరాలకు మెదడు రెండు అర్ధగోళాల నుంచీ ఆజ్ఞలు వస్తాయి కాబట్టి అది మిగిలింది, మూతికి ఎదుటివైపు నుంచే ప్రధానంగా వస్తాయి కాబట్టి అది పోయింది" అంది. నేను ఇంకా బోర్డు మీద ఒక్క గీత కూడా గీయలేదు. ఆ తర్వాత బొమ్మ గీయడానికి వాళ్లకు ఎక్కువసేపు పట్టలేదు.

దానంగా వచ్చిన దేహభాగాల పత్రాల్లోంచి విలువ గడి తీసేయాలని ఈ ఉదయం ప్రిన్సిపాల్‌గారికి లేఖ ఇచ్చాను. నకలు మీద లేఖ అందినట్టు ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకున్నాను. మీరూ ఏ కాగితమిచ్చినా అవి లేకుండా బల్ల దగ్గరి నుంచి కదలకండి.