తేగ దగ్గర మొదలైన ఆలోచన
నిన్న పూర్ణా మార్కెట్లో తేగల కట్ట కొని మా పాపకి ఒకటి ఇస్తే, రెండు సార్లు కొరికి "దవడ నొప్పి నాన్నా" అని పక్కన పెట్టేసింది. మనసు చివుక్కుమంది. ఎనిమిదేళ్లుగా మెత్తటి అన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, అన్నీ మింగేసేవే పెట్టింది మేమే కదా.

పోయిన నెల పళ్ళ డాక్టరమ్మ చెప్పింది అప్పుడు పూర్తిగా అర్థమైంది: నమిలేటప్పుడు చెంపలో బిగుసుకునే మాసెటర్, కణత దగ్గరి టెంపొరాలిస్ కండరాలు ఎముకని లాగుతుంటాయి, ఆ ఒత్తిడికి తగ్గట్టే పిల్లల్లో దవడ ఎముక గట్టిపడుతూ ఎదుగుతుంది. ఒత్తిడిని బట్టి ఎముక మారుతుందని జర్మన్ సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లోనే రాశాడు. మెత్తటి మేతతో పెంచిన ఎలుకల్లో దవడలు చిన్నగా, పల్చగా ఉండటం ప్రయోగాల్లో చాలాసార్లు కనిపించింది.

ముఖం తీరు చాలావరకు వంశం నుంచే వస్తుంది, నిజమే, పాప పళ్ళు ఇరుగ్గా రావడానికి తిండే కారణమని ఆవిడ అనలేదు. (పెద్దాళ్ళు గమ్ నమిలితే దవడ ఎముక ఆకారం మారిపోతుందనే వీడియోలు మాత్రం నమ్మకండి.) కానీ పాపకి ఇది ఎదిగే వయసు, నాకు అదే టెన్షన్.

ఇవాళ బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు ఇప్పించాను. అరగంట పట్టింది, సగం తినేసింది.