ఫెరిటిన్ 6 నుంచి 21 కిలోమీటర్ల దాకా

పరుగు మొదలుపెట్టి ఉండకపోతే నా ఒంట్లో ఐరన్ అడుగంటిన సంగతి ఎప్పటికి బయటపడేదో. ఇల్లు, ఆఫీసు, పిల్లల చదువులు చూసుకునే ఆడమనిషి నీరసంగా ఉందంటే ఎవరికీ వింతగా అనిపించదు. ‘కాస్త రెస్ట్ తీసుకో’ అంటారు తప్ప ఆ నీరసం ఎందుకొచ్చిందని అడగరు. ఇంట్లో అయితే ఓపిక లేని రోజు పని తగ్గించుకుని ఎలాగోలా నెట్టుకొచ్చేయొచ్చు. పరుగు దగ్గర అలా కుదరదు. పోయిన నెల హాయిగా పరుగెత్తిన దూరం ఈ నెల కష్టమైతే అది చేతికున్న వాచీలో అంకెలతో సహా కనిపిస్తుంది.

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. మొదటిసారి పేరిచ్చే నాటికి నాకు పది కిలోమీటర్లు అలవాటే. వారం మధ్యలో చిన్న పరుగులు, ఆదివారం ఒక పెద్ద పరుగు. ఆ పెద్ద పరుగును వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ, మధ్యలో ఒక వారం తగ్గించి ఒంటికి ఊరటనిస్తూ పోవాలి. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అదే సరైన వేగమని మా గ్రూపులో సీనియర్లు చెప్పేవారు.

పన్నెండు కిలోమీటర్ల దగ్గరికొచ్చేసరికి తేడా మొదలైంది. మొదటి కిలోమీటరులోనే కాళ్లు బరువెక్కేవి. అదే దారి, అదే వేగం. ఇదివరకు గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకునే చోట వాచీ 165 చూపించేది. మాట్లాడటం సంగతి దేవుడెరుగు, చెవుల్లో గుండె చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి. పరుగు లేని రోజు కూడా మెట్లెక్కితే ఆయాసం. రాత్రి పడుకుంటే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు ఉండి, కాళ్లు కదుపుతూనే ఉండాల్సి వచ్చేది.

అన్నిటికంటే విచిత్రం ఐసు ముక్కలు. ఫ్రిజ్‌లోంచి ట్రే తీసి, కొంచెం మెలిపెట్టి, ఊడిన ముక్కలు గ్లాసులో వేసుకుని కరకరా నమిలేదాన్ని. పళ్లు జివ్వుమంటున్నా ఆపబుద్ధయ్యేది కాదు. ట్రే ఖాళీగా ఉంటే చిరాకు ముంచుకొచ్చేది. ఇది ఒక జబ్బు లక్షణమని కలలో కూడా అనుకోలేదు.

చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర కారణాలకు కొదవ లేదు. ప్రాక్టీస్ ఎక్కువైందన్నారు, నిద్ర చాలట్లేదన్నారు, వయసన్నారు. ‘నీ మనసే నిన్ను ఆపుతోంది, దాన్ని దాటు’ అని ఒకరు గట్టిగా చెప్పారు. మొదట చూపించుకున్న డాక్టరు హిమోగ్లోబిన్ ఒక్కటే రాశారు. 12.1 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లకి 12 దాటితే రక్తహీనత లేనట్టే లెక్క. ‘రిపోర్టు నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి’ అని మల్టీవిటమిన్ రాసి పంపించారు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఆ అంకె చూపించి మా ఇంట్లో వాళ్లని, ఆ తర్వాత నన్ను నేను, కొన్ని నెలలపాటు సమాధానపరుచుకున్నాను.

పద్నాలుగు కిలోమీటర్ల పరుగు సగంలో వదిలేసి రోడ్డు పక్కన కూర్చుండిపోయాక, మా అక్క తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నా కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూశారు. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉందని అక్కకి కూడా చూపించారు. గోళ్లు చూశారు. తర్వాత అడిగారు.

‘‘నెలసరి ఎలా వస్తోందమ్మా?’’

‘‘మామూలుగానే డాక్టర్‌గారూ.’’

‘‘మామూలుగా అంటే? రాత్రిపూట లేచి మార్చుకోవాల్సి వస్తుందా? గడ్డలు పడుతున్నాయా? గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతోందా?’’

మూడింటికీ అవుననే చెప్పాను. పక్కనున్న అక్క ‘‘మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతేనండీ’’ అంది. ‘‘అందరికీ ఉంటే అందరూ చూపించుకోవాలమ్మా’’ అన్నారు ఆవిడ, గొంతు ఏమాత్రం పెంచకుండానే.

ఈసారి పూర్తి రక్తపరీక్షతో పాటు ఫెరిటిన్ కూడా రాశారు. హిమోగ్లోబిన్ 9.8కి దిగిపోయింది. ఎర్రకణాల సైజు తగ్గింది. ఫెరిటిన్ 6. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతుందో చెప్పే పరీక్ష. పెద్దవాళ్లలో అది 15 కన్నా తగ్గితే నిల్వలు అయిపోయినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. ఐరన్ తగ్గేటప్పుడు ముందు ఖాళీ అయ్యేది ఈ నిల్వే. అది అడుగంటాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. అంటే మొదటి రిపోర్టులో 12.1 వచ్చిన రోజుకే నా నిల్వలు దాదాపు అయిపోయి ఉంటాయి. ఆ రోజు ఫెరిటిన్ కూడా రాసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుందని, అందుకే జ్వరం ఉన్నప్పుడు చేయించుకోవద్దని కూడా ఆవిడ చెప్పారు.

కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండే ఐరన్ సుమారు అర మిల్లీగ్రాము. నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటి పోతే దాన్ని అధిక రక్తస్రావం అంటారు. 80 పోతే 40 మిల్లీగ్రాముల ఐరన్ పోయినట్టు. మన పేగులు మామూలుగా రోజుకి పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులోనూ రోజువారీ ఖర్చు ఉండనే ఉంటుంది. దీనికి పరుగు తోడైంది. చెమటలో కొంత పోతుంది, పాదం నేలకి గట్టిగా తగిలే చోట కొన్ని ఎర్రకణాలు చితికిపోతాయి. అవి చిన్న ఖర్చులే. నా అసలు ఖర్చు వేరే ఉంది. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి గోడకి ఆనుకుని ఒక ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, కనిపించింది.

‘‘చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదమ్మా, ముందు కారడం ఆపాలి’’ అన్నారు డాక్టరమ్మ. మగవాళ్లకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకీ ఇలా ఐరన్ తగ్గితే పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో తప్పకుండా వెతకాలట. మాత్ర రాసేసి కారణం వదిలేయడమే అసలు ప్రమాదమని ఆవిడ మాట.

ఆ ఏడాది రేసు వదులుకున్నాను. ఏడ్చాను కూడా. కానీ ఆ ఏడుపులో ఊరట కూడా ఉంది, నేను బద్ధకిస్తున్నానని ఇక ఎవరూ అనలేరు కదా.

ఐరన్ మాత్రల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని మధ్యలోనే మానేస్తారు. నాకు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, మరుసటి మోతాదు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లకుండా అడ్డుపడుతుంది. ఒకరోజు ఆగితే అది తగ్గుతుంది, కడుపులో ఇబ్బందీ తక్కువే. పరుగు తర్వాత కూడా కొన్ని గంటలకి ఈ హెప్సిడిన్ పెరుగుతుంది. నాకైతే పొద్దున్నే, పరగడుపున వేసుకోవడం కలిసొచ్చింది. విటమిన్ సి తోడుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది, కాఫీ, టీలు అడ్డుపడతాయి. మాత్రకి అటూ ఇటూ రెండు గంటలు వాటి జోలికి వెళ్లలేదు. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే భయంతో ఆపేసేదాన్ని. మలబద్ధకం మాత్రం బాగా ఏడిపించింది.

రక్తస్రావం తగ్గడానికి నెలసరి రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చారు. రక్తం కాస్త పుంజుకున్నాక హిస్టరోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో గర్భసంచి లోపల చూడటం) చేసి, పొట్ట మీద కోత లేకుండా కింది నుంచే ఆ ఫైబ్రాయిడ్‌ను తీసేశారు. ఆ రోజే ఇంటికొచ్చేశాను. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, నేను భయపడినంత కష్టం అందులో లేదు.

కష్టమంతా ఎదురుచూడటంలో ఉంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. పాతవి పోయి, నిండా హిమోగ్లోబిన్ ఉన్న కొత్తవి రావాలంటే నెలలు పడుతుంది, తొందరపెడితే రావు. పరుగెత్తడం ఆపి నడవమన్నారు. మా ఆయన రోజూ నాతో నడిచారు, నా వేగానికి అడుగులు కుదించుకుని మరీ. ఆదివారం పొద్దున గ్రూపు వాళ్లు ఫొటోలు పెట్టేటప్పుడు ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని.

మొట్టమొదట పోయింది ఐసు పిచ్చి. కొన్ని వారాలకే ట్రే నిండుగా ఉండిపోవడం మొదలైంది. తర్వాత రాత్రిళ్లు కాళ్లు నెమ్మదించాయి. ఒకరోజు అక్కతో ఫోన్లో మాట్లాడుతూ మా మెట్లన్నీ ఎక్కేశాను. పైకొచ్చాక గమనించాను, మాట మధ్యలో ఆగలేదు. ‘‘అక్కా, నాకు ఆయాసం రాలేదే!’’ అని అరిచాను. అవతల అక్క ఏడ్చింది.

హిమోగ్లోబిన్ 12.9కి వచ్చింది. ఫెరిటిన్ మాత్రం 22 దగ్గరే ఉంది. హిమోగ్లోబిన్ బాగుపడ్డాక కూడా నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలు మాత్రలు వాడమన్నారు. ‘బాగానే ఉన్నాను కదా’ అనిపించే ఈ దశలోనే చాలామంది ఆపేస్తారట. నేను వాడాను. ఫెరిటిన్ 41కి వచ్చింది.

మళ్లీ పరుగు ఒక నిమిషంతో మొదలైంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. నడక కలిపితే అది పరుగు కాదనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ నడకే లేకపోతే నేను తిరిగి వచ్చేదాన్ని కాదు.

మరుసటి ఏడాది రేసులో చివరి వరుసలో నిలబడ్డాను. మొదటి ఐదు కిలోమీటర్లు అందరూ నన్ను దాటుకుంటూ పోయారు, పోనిచ్చాను. దాహమేసినంతే తాగాను. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని సీనియర్లు ముందే హెచ్చరించారు. పదిహేను దాకా బాగానే సాగింది. పదిహేడో కిలోమీటరులో తొడలు బిగుసుకుపోయి, ఎడమ బొటనవేలి గోరు షూలో కొట్టుకుంటూ, అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది. వాచీ చూశాను. గుండె 150. పక్కనున్న అమ్మాయిని ‘‘ఇంకెంత దూరం ఉందమ్మా?’’ అని అడిగాను. మాట తడబడకుండా, పూర్తిగా వచ్చింది. కాళ్లు అలసిపోయాయి, ఊపిరి అలసిపోలేదు. ఈ రెండు అలసటలకీ ఎంత తేడా ఉందో ఆ చోట నాకు బాగా అర్థమైంది. ఇది నేను సంపాదించుకున్న అలసట, ఇందులో భయం లేదు. ఆనందంతో కళ్లు తడిశాయి, అలాగే పరుగెత్తాను.

2 గంటల 48 నిమిషాలు పట్టింది. ఆ తర్వాత రెండు రోజులు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగాను.

ఇప్పుడు మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చేయించుకుంటున్నాను. మా గ్రూపులో ఆడవాళ్లకి ఈ సంగతంతా దాచకుండా చెప్పాను, నెలసరి మాటతో సహా. ఎప్పుడూ వెనకబడిపోయి, సారీ చెప్పుకుంటూ ఉండే ఒకమ్మాయి వెళ్లి పరీక్ష చేయించుకుంది. హిమోగ్లోబిన్ నార్మల్, ఫెరిటిన్ 9. డాక్టరు కారణం వెతుకుతున్నారు, మాత్రలు మొదలయ్యాయి. ఆదివారాలు ఆ అమ్మాయీ నేనూ ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చేస్తున్నాం.