లేబుల్ మీద 0.1, సీసాలో 0.096

కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ ఏకమైతే ద్రావణం. మోల్ అంటే పదార్థంలోని అణువులను లెక్కపెట్టే కొలమానం. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉందో అదే మొలారిటీ. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అలాంటి నాకు డిగ్రీ ల్యాబ్‌లో ఒక్క సీసాడు సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం తయారుచేసి, దీని గాఢత ఇంత అని గట్టిగా చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

కావలసింది 0.1 మొలార్, 250 మి.లీ. లెక్క చాలా సులువు. సోడియం హైడ్రాక్సైడ్ ఒక మోల్ అంటే 40 గ్రాములు. మనకు కావలసింది 0.025 మోల్, అంటే 1 గ్రాము. వాచ్ గ్లాస్ మీద తెల్లటి బిళ్ళలు నాలుగైదు వేశాను. కాస్త ఎక్కువైంది. ఒకటి తీసి చిన్నది వేశాను, తక్కువైంది. ఇలా మారుస్తూ మారుస్తూ 1.002 దగ్గరికి తెచ్చి, హమ్మయ్య అనుకుని నోట్‌బుక్ తెరిచేలోపు త్రాసు 1.005 చూపిస్తోంది. తర్వాత 1.008. దగ్గరికి వంగి చూస్తే బిళ్ళల పైన సన్నగా తడి మెరుస్తోంది. గాలిలోని తేమను లాగేసుకుంటున్నాయి!

"అది ఒకచోట ఆగదు బాబూ, కనపడిన అంకె రాసుకుని కరిగించెయ్" అన్నారు మేడం.

కొలజాడీలో 250 మి.లీ. స్వేదన జలం పట్టి రెడీగా పెట్టుకున్నాను. ఆవిడ దాన్ని చూసి, "250 నీళ్ళా, 250 ద్రావణమా?" అన్నారు. రెండూ ఒకటే కదా అనుకున్నాను. ఒక్క గ్రాము కరిగితే నిజంగానే పెద్దగా తేడా రాదు. కానీ 342 గ్రాముల చక్కెర, అంటే ఒక మోల్, లీటరు నీళ్ళలో కరిగిస్తే ద్రావణం దాదాపు 1.2 లీటర్లు అవుతుంది. అప్పుడు మొలారిటీ 1 కాదు, సుమారు 0.83. ద్రావితం కూడా చోటు తీసుకుంటుంది మరి. పరీక్షల్లో మొలారిటీకీ మొలాలిటీకీ తేడా అడిగితే "ఒకదానిలో లీటరు ద్రావణం, ఇంకోదానిలో కిలో ద్రావణి" అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కొలజాడీ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఆ వాక్యం గుర్తుకు రాలేదు.

అందుకే ముందు బీకరులో కొద్దిపాటి నీళ్ళలో కరిగించాలి. కరుగుతుంటే బీకరు గోరువెచ్చనైంది. చల్లారాక ఫ్లాస్కులో పోసి, బీకరును రెండు మూడు సార్లు కడిగి ఆ నీళ్ళూ అందులోనే పోసి, మెడ మీది గీత దాకా నింపాలి. గీత దగ్గర పడ్డాక డ్రాపర్‌తో చుక్క చుక్కగా వెయ్యాలి. నేను తొందరపడి వాష్ బాటిల్ నొక్కాను. నీటిమట్టం గీత దాటేసింది.

ఏముందిలే, ఆ పై రెండు మి.లీ. పిపెట్‌తో లాగేస్తే సరి అనుకున్నాను. మేడం ఆపి, పైకి వచ్చేది ఉత్త నీళ్ళేనా అని అడిగారు. కాదు. కలిసిపోయిన ద్రావణంలో నీళ్ళను మాత్రమే వెనక్కి తీయలేం. 252 మి.లీ.లో ఒక గ్రాము ఉంటే, రెండు మి.లీ. తీసేశాక మిగిలిన 250లో 0.992 గ్రాములే ఉంటుంది. మట్టం గీత దగ్గరికి వస్తుంది, గాఢత మాత్రం పలచబడ్డ చోటే ఉంటుంది. మొత్తం పారబోశాను. మొదటి రోజు అలా అయిపోయింది.

రెండో రోజు ద్రావణం బాగానే వచ్చింది. ప్లాస్టిక్ సీసాలో పోసి 0.1 అని లేబుల్ కూడా అంటించాను. కానీ తేమ పీల్చే పదార్థాన్ని తూచి చేసిన దాని గాఢతను నమ్మడానికి లేదు కాబట్టి, ఆక్జాలిక్ ఆమ్లంతో అంశమాపనం చేసి, అంటే గాఢత తెలిసిన ఆ ఆమ్లానికి ఇది ఎంత పడితే సరిపోతుందో కొలిచి, సరిచూసుకోవాలి. ఆక్జాలిక్ స్ఫటికాలు త్రాసు మీద బుద్ధిగా కూర్చుంటాయి, అంకె కదలదు. 0.05 మొలార్ కోసం మోల్ ద్రవ్యరాశిగా 90ని పెట్టి లెక్కగట్టి, 1.125 గ్రాములు తూచి, 250 మి.లీ. చేశాను. పిపెట్‌తో 20 మి.లీ. తీసుకుని, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, సోడియం హైడ్రాక్సైడ్ నింపిన బ్యూరెట్ (గీతలున్న పొడవాటి గొట్టం) కుళాయి తిప్పాను. చుక్క పడిన చోట గులాబీ రంగు మెరిసి, ఫ్లాస్కు ఊపగానే మాయమయ్యేది. చివర్లో ఆ రంగు పోవడానికి కాస్త ఆలస్యం చేయసాగింది. ఇంకొక్క చుక్కతో లేత గులాబీ నిలిచిపోయింది. 14.9 మి.లీ. రెండోసారీ 14.9. నా పని మీద నాకే ముచ్చటేసింది.

లెక్క వేస్తే సోడియం హైడ్రాక్సైడ్ 0.134 మొలార్ అని వచ్చింది.

మూడుసార్లు లెక్క చూసుకున్నాను. ఒక ఆక్జాలిక్ అణువుకు రెండు హైడ్రాక్సైడ్లు, అది కూడా వేశాను. టెన్షన్ మొదలైంది. రీడింగులు ఒకదానికొకటి అంత చక్కగా కలిశాక బ్యూరెట్‌ను అనుమానించడానికి మనసు ఒప్పలేదు. ఇంటికి వెళ్తూ ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఈ బిళ్ళలు తేమ పీలుస్తాయి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కొంత కార్బొనేట్ అవుతాయి. అంటే నేను తూచిన గ్రాములో అసలు సరుకు తక్కువే ఉండాలి. గాఢత 0.1 కంటే తగ్గవచ్చు గానీ పెరగడానికి దారి లేదు. కాబట్టి తప్పు ఈ సీసాలో లేదు, రెండో సీసాలో ఉంది.

మూడో రోజు వెళ్ళగానే ఆక్జాలిక్ ఆమ్లం డబ్బా తిప్పి లేబుల్ చదివాను. డైహైడ్రేట్. ప్రతి అణువుతోపాటు రెండు నీటి అణువులు స్ఫటికంలోనే ఉన్నాయి. మోల్ ద్రవ్యరాశి 90 కాదు, 126. నేను తూచిన పొడిపొడి స్ఫటికాల్లో నాలుగో వంతుకు పైగా నీళ్ళే! 126ని 90తో భాగిస్తే 1.4. నాకు వచ్చిన 0.134ను 1.4తో భాగించాను. 0.096.

అక్కడికక్కడే ఎగిరి గంతేయాలనిపించింది గానీ, కాగితం మీద సరిపోయినంత మాత్రాన ఒప్పుకోరు కదా. ఈసారి 1.575 గ్రాములు తూచి కొత్త ఆక్జాలిక్ ద్రావణం చేశాను. గీత దగ్గర డ్రాపరే వాడాను. బ్యూరెట్ 20.8 దగ్గర ఆగింది, రెండోసారీ అంతే. లెక్కకు 0.096.

పాత లేబుల్ గోరుతో గీకి తీసేసి, కొత్త కాగితం మీద 0.096 అని రాసి, పక్కన తేదీ వేసి అంటించాను. 0.1 చెయ్యమంటే ఇదేమిటని మేడం అడుగుతారేమో అని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ సీసా అందుకుని, లేబుల్ చూసి, మూత గట్టిగా ఉందో లేదో ఒకసారి తిప్పి చూసి, అలమరలో పెట్టేశారు.